రెండో భాగం వదిన దగ్గరుంది

గ్రంథాలయంలో బైండరుగా ముప్పై నాలుగేళ్ళు పనిచేసి రిటైరైన దానను, గోడగడియారాలు బాగుచేసే ఆయన భార్యను, డెబ్బై ఒకటో ఏట ఉన్న దానను అయిన నేను, పూర్తి తెలివితో, మతి స్థిమితంతో, ఎవరి ఒత్తిడీ ప్రోద్బలమూ లేకుండా, మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని సొంత చేతితో రాసుకుంటున్న ఆఖరి వీలునామా ఇది. ఇంతకుముందు నేను ఏ వీలునామా రాయలేదు. కోపం వచ్చినప్పుడు నోటితో చెప్పినవేవైనా ఉంటే అవన్నీ ఇందుమూలంగా రద్దు.

మతి స్థిమితం అన్న మాట మా వదిన ఒప్పుకోదు. వదిన అంటే మావారి అక్క, రిటైరైన బస్ కండక్టరు. 'చదివిన పుస్తకాన్నే మూడుసార్లు కొన్నదానికి మతేమిటే!' అంటుంది. కొన్న మాట నిజమే. ఆ పుస్తకం చదివేసి, కొత్త అట్ట కట్టి, పాత పుస్తకాల అమ్మకానికి ఇచ్చేశాను. తర్వాత ఏడాది అదే అమ్మకంలో, అబ్బ ఎవరో ఎంత బాగా కట్టారు అని ముచ్చటపడి తెచ్చుకున్నాను. మూడోసారి ఎలా జరిగిందో నాకూ తెలియదు. దీన్ని మతి లేకపోవడం అనరు, పనితనం అంటారు.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, ఈ నెల ఇరవయ్యో తేదీన నాకు గుండె ఆపరేషన్. లోపల కవాటం ఒకటి సరిగ్గా మూసుకోవడం లేదట. డాక్టరు గారు 'భయపడాల్సిందేం లేదమ్మా' అంటూనే పది కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నారు. ఆయనకు పది పెట్టినదాన్ని నాకోసం ఒకటి పెట్టుకోలేనా అనిపించింది. అదీకాక, వదినకూ నాకూ మధ్య పద్దెనిమిదేళ్ళుగా నలుగుతున్న ఒక రెండు భాగాల నవల తగాదా ఉంది. అది తేల్చకుండా ఆపరేషన్ బల్ల ఎక్కడం నాకిష్టం లేదు. నిజానికి ఈ వీలునామా అంతా ఆ ఎనిమిదో అంశం కోసమే. మిగతావి దానికి ముందు కూర్చున్న పెద్దమనుషులు.

దీన్ని అమలు చేసే బాధ్యత ఎదురింటి లాయరు గారిది. ఆయన నాకు రెండు సంగతులు చెప్పారు. ఒకటి, వీలునామాలో సొంత కబుర్లు రాయకూడదు. అది వినలేదు. రెండు, వీలునామాలో ఏదైనా ముట్టేవాళ్ళు సాక్షి సంతకం చేయకూడదు, చేస్తే వాళ్ళకు రాసిన భాగం చెల్లదు. ఇది విన్నాను. ఆ కారణం చేతనే, ఈ ఊళ్ళో పేటపేటకీ జరిగే ప్రతి వీధి సంబరంలోనూ పెద్ద నల్లగొడుగు కింద పాత పుస్తకాలు పరిచే గొడుగాయనకు నేనేమీ రాయలేదు. ఆయన ఒక సాక్షి. రెండో సాక్షి పైవాటా టైలరమ్మ. గొడుగాయన కాస్త మొహం చిన్నబుచ్చుకుంటే, రాతలో కాకుండా చేతికే ఒక డబ్బా మైదా జిగురు ఇచ్చాను. దాంతో ఆయన గొడుగు చిరుగులు కూడా అతికించుకున్నాడు.

1. నాకూ మావారికీ ఉమ్మడిగా ఉన్న ఈ ఇంట్లో నా వాటా, నా పేరున ఉన్న సమస్తమూ, కింద వేరే చెప్పినవి తప్ప, నా తదనంతరం మావారికి సర్వహక్కులతో చెందుతాయి. గోడల మీద పుస్తకాల అరలు పీకించి తన గడియారాలు తగిలించుకోవచ్చు. నలభై నాలుగేళ్ళుగా ఆయన కోరిక అదే. కానీ అన్ని గడియారాలూ ఒకే టైము చూపించేలా మాత్రం చూసుకోవాలి. గడియారాల ఆయన ఇంట్లో టైమెంతయిందో తెలియక పక్కింటివాళ్ళని అడగడం నాకు తలవంపుగా ఉండేది.

2. ఎవరో పూర్తిచేసి అమ్మేసిన పదకేళీల పుస్తకాలు, అట్టపెట్టెలో ఉన్నవన్నీ, మావారికే. సంబరాల్లో వదినా నేనూ పుస్తకాల మీద పడి వెతుక్కుంటుంటే ఆయన బెంచీ మీద సంచులకు కాపలా కూర్చుని అవి చదివేవారు. ముందు పూర్తిచేసిన మనిషి రాసిన జవాబులతో పోట్లాడేవారు. 'ఎవడో గానీ, నాలుగు నిలువు దగ్గర దారుణంగా తప్పాడోయ్' అని దారంతా చెప్పేవారు. ఒక్క ఆదివారం కూడా 'ఇంకెంతసేపు' అనని మగవాణ్ణి నేను ఇంకొకరిని చూడలేదు. ఆయన్ని నేను చాలా ప్రేమించాను. ఈ మాట ఎదురుగా చెబితే కంగారుపడి గడియారం విప్పుతారని ఇక్కడ రాస్తున్నాను. మంచంలో కిటికీ వైపు కూడా ఇకమీదట ఆయనదే.

3. నీలం అట్ట నోటుబుక్కు నా కూతురికి. ఈ నగరంలో ఏ పేటలో ఏ నెల ఏ ఆదివారం సంబరం జరుగుతుందో, పుస్తకాలు ఎక్కడ పెడతారో అన్నీ అందులో ఉన్నాయి. నీడ ఏ వైపు ఉంటుందో, టీ ఎక్కడ తాగొచ్చో, ఎక్కడ తాగకూడదో కూడా. నర్సుల సంఘం వాళ్ళ అమ్మకంలో డిటెక్టివ్ నవలలు దొరుకుతాయి, ఆఖరి పేజీలు చూసుకుని కొనాలి, డ్యూటీ గంట మోగినప్పుడు చింపుకుని జేబులో పెట్టుకుపోతారు. అగ్నిమాపక కేంద్రం వాళ్ళ దగ్గర పుస్తకాలు తక్కువ, కానీ పెద్ద నిచ్చెన ఎక్కనిస్తారు. నేను అరవై రెండో ఏట ఎక్కాను. దిగడానికి నలుగురు కావలసి వచ్చింది, అది వేరే సంగతి. బస్ డిపో సంబరంలో వదిన పాత జట్టు అంతా కనబడుతుంది, లాటరీ టికెట్టు కొంటే ఎవరికైనా సరే ఫ్లాస్కే తగులుతుంది. మా ఇంట్లో ఏడున్నాయి.

నా కూతురు ఈత నేర్పే టీచరు. పాత పుస్తకం చూస్తే తుమ్ముతుంది. 'ఆ దుమ్ము నాకొద్దమ్మా, నీళ్ళలో ఉండేదాన్ని' అంటుంది. తెలుసు తల్లీ. కానీ నీకు నాలుగేళ్ళప్పుడు ధాన్యం కొట్ల వీధి సంబరంలో తప్పిపోయావు. మైకులో మూడుసార్లు చెప్పించాం. మీ అత్త కండక్టరు గొంతుతో వీధంతా ఆపేసింది. చివరికి నువ్వు గొడుగాయన బల్ల కింద, ఖాళీ అయిన పుస్తకాల పెట్టెలో, ఒక అట్లాసు మీద తల పెట్టుకుని నిద్రపోతూ దొరికావు. ఆ రోజు నువ్వు తుమ్మలేదు. నోటుబుక్కు ఉంచుకో. ఏడాదికి ఒక్క ఆదివారం వెళ్ళు, చాలు.

4. నా ఎముక బద్ద కూడా నా కూతురికే. జానెడు పొడుగు, అరచేతికి అలవాటైన వస్తువు. బైండింగులో కాగితం మడవడానికి వాడతాం. పాతకాలం పుస్తకాలు కొన్ని మడతలు కోయకుండానే అమ్మేవారు, కొన్నవాళ్ళు మడత మడతా కోసుకుంటూ చదవాలి. దానికి కత్తి కన్నా ఇదే మంచిది, కాగితం చిరగదు. నీ ఇంట్లో దీనికి పని ఉండదు. ఉత్తరాలు విప్పుకో, వీపు గోక్కో, నాకేం అభ్యంతరం లేదు.

5. నాతో పాటు బైండింగు విభాగంలో పనిచేసిన ఆయన, మేమంతా సెల్లోటేపు అని పిలిచే ఆయన, చిరిగిన పేజీల మీద నిజంగానే సెల్లోటేపు అంటించేవాడు. నూటపాతికేళ్ళ నాటి పటాల పుస్తకానికి కూడా అంటించాడు. నా కళ్ళలో కారం కొట్టినట్టయింది. పదకొండేళ్ళు అతనితో మాట్లాడలేదు. అతనికి నా జిగురు గిన్నె, రెండు కుంచెలు, జిగురు తయారుచేసే విధానం రాసిన కాగితం ఇస్తున్నాను. కాగితాన్ని నాలుగు చోట్ల చింపి, అతికించి ఇస్తున్నాను. ఎలా అతికించాలో చూసి నేర్చుకోమని.

6. మా పేట సంఘం అధ్యక్షుడికి ఏమీ లేదు. పోయినేడు సంబరంలో పుస్తకాల బల్ల ఆయన సర్దాడు. అట్టల రంగుల ప్రకారం సర్దాడు! ఎర్రవన్నీ ఒక పక్క, పసుప్పచ్చవన్నీ ఒక పక్క. పైగా 'చూడ్డానికి కళగా ఉంది కదండీ' అని నన్నే అడిగాడు. నా సంతాప సభ అంటూ ఎవరైనా పెడితే ఈయన అందులో మాట్లాడకూడదు. వచ్చి కూర్చుంటే కూర్చోనివ్వండి, మనిషి చెడ్డవాడు కాదు.

7. బిస్కట్ల డబ్బా. పాత పుస్తకాల్లో దొరికినవన్నీ ఇందులో దాచాను. ఎండిన ఆకులు, మందుల చీటీలు, ఎవరిదో పాస్‌పోర్టు ఫొటో, 'నువ్వు వచ్చేసరికి నేను నిద్రపోతుంటాను, పాలు పొయ్యి మీద ఉన్నాయి' అని రాసిన చీటీ. వీటిని ఎవరూ పారేయకూడదు. అమ్మకానికి వెళ్ళే నా పుస్తకాల్లో తలా ఒకటి పెట్టి పంపాలి. ఇంకెవరికో దొరుకుతాయి.

ఒక్క బస్సు టికెట్టు మాత్రం వదినకు. ఒక వ్యాకరణం పుస్తకంలో దొరికింది. చూపించగానే వదిన దాన్ని వెలుతురుకు పెట్టి, 'ఇది నేను కొట్టిందేనే పిల్లా, ఎడమ మూలన పొడుస్తాను, ఇంకెవరూ అక్కడ పొడవరు' అంది. ఎవరో ఒక మనిషి వదిన బస్సెక్కి, ఆ వ్యాకరణం చదువుకుంటూ వెళ్ళాడు. వదిన ఆ రోజంతా ఆ మనిషి ఎలా ఉండి ఉంటాడా అని ఆలోచించింది. పరీక్ష తప్పి ఉంటాడని తేల్చింది.

8. ఇక అసలు సంగతి.

పద్దెనిమిదేళ్ళ కిందట, ధాన్యం కొట్ల వీధి సంబరంలో, గొడుగాయన దగ్గర పురికొసతో కట్టిన ఒక పాత నవల కనబడింది. రెండు భాగాలు. వదినకూ నాకూ మధ్య అప్పటికే ఒక కట్టుబాటు ఉంది. ఏ పుస్తకం మీద ఎవరి చెయ్యి ముందు పడితే అది వాళ్ళది. బతిమాలడాల్లేవు, అలగడాల్లేవు. ఆ రోజు నా చెయ్యి మొదటి భాగం మీదా, ఆమె చెయ్యి రెండో భాగం మీదా ఒక్కసారే పడ్డాయి. నేను వదల్లేదు, ఆమె వదల్లేదు. బ్యాండువాళ్ళు ఒక పాట అయిపోయి రెండోది అందుకున్నారు, మేమింకా అలాగే ఉన్నాం. మావారు సంచులు మోసుకుంటూ వచ్చి చూసి, మళ్ళీ బెంచీ దగ్గరికి వెళ్ళిపోయారు. చివరికి గొడుగాయన 'కట్టుబాటు మీదే కదమ్మా' అని పురికొస కోసి, చెరొకటి చేతిలో పెట్టాడు. వద్దు, రెండూ ఒకరికే ఇవ్వు అని ఇద్దరిలో ఒక్కరమూ అనలేదు. ఇదీ మా బుద్ధి.

మొదటి భాగం మడతలు ఎముక బద్దతో కోసుకుంటూ ఆ మధ్యాహ్నం మొదలుపెట్టి మర్నాటికి ముగించాను. ఒక రేవులో తాళ్ళ దుకాణం నడిపే ఆవిడ కథ అది. పడవ నడిపే భర్త ఒక ఉదయం పడవను కట్టేసి, ఆమెకోసం బల్ల మీద ఒక కవరు పెట్టి ఎటో వెళ్ళిపోతాడు. ఆవిడకి ముక్కు మీద కోపం. నాలుగు వందల పేజీలు ఆ కవరు విప్పదు. ఊళ్ళోవాళ్ళు బతిమాలతారు, విప్పదు. ఆఖరి పేజీలో ఆఖరి వాక్యం, 'ఆమె కవరు చించింది.' అంతే. తరువాయి వదిన దగ్గరుంది.

అప్పటినుంచీ వదిన నన్ను ఊరిస్తూనే ఉంది. 'ఆ కవర్లో ఏముందో నాకు తెలుసు, చెప్పను పో.' బస్సులో చెప్పను పో, టీ తాగుతూ చెప్పను పో, నా కూతురి పెళ్ళిలో ఫొటో తీయించుకుంటూ నా చెవిలో చెప్పను పో. ఆ ఫొటోలో నా మొహం చూస్తే మీకే తెలుస్తుంది. నేనూ తక్కువ తినలేదు. 'మొదటి భాగం లేకుండా మీకేం అర్థమైందిలెండి వదినా' అనేదాన్ని. ఇంత జరిగినా ప్రతి ఆదివారం కలిసే వెళ్ళాం. బస్సు దిగగానే ఆమె 'ముందుకి జరగండి, ముందుకి జరగండి' అని జనాన్ని చీల్చుకుంటూ నాకు దారి చేసేది. మోకాళ్ళ నొప్పులొచ్చాక కూడా నా సంచీ ఆమే మోసేది. ఆ నవల మాట తప్ప మా మధ్య ఏ దాపరికమూ లేదు.

ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఆ కవర్లో ఏముందో తెలుసుకోవాలని నాకు చచ్చేంత ఆశగా ఉంది. (ఈ మాట కొట్టేయమని లాయరు గారు అన్నారు. కొట్టేయను.) కానీ ఆపరేషన్ ముందు అడిగితే వదిన జాలిపడి ఇస్తుంది. జాలితో ఇచ్చింది నాకొద్దు. అందుచేత, సదరు నవల మొదటి భాగాన్ని, నేను కట్టిన ఆకుపచ్చ కాలికో గుడ్డ అట్టతో సహా, నా తదనంతరం మా వదినకు సర్వహక్కులతో రాసిస్తున్నాను. రెండు భాగాలూ ఒకే అరలో పక్కపక్కన ఉండాలన్నదే షరతు. ముందు చెయ్యి వదిలింది నేనేనని ఆమె పదిమందికీ చెప్పుకోవచ్చు. వదిలాను వదినా. మీరే గెలిచారు.

9. మిగతా పుస్తకాలన్నీ తిరిగి సంబరాలకే వెళ్ళాలి. తూకానికి వేయకూడదు. వీపులు పైకి కనబడేలా పెట్టెల్లో సర్దాలి. రంగుల ప్రకారం కాదు.

10. నేను పోతే ఎవరూ ఇంట్లో కూర్చుని ఏడవద్దు. ఆ వచ్చే ఆదివారం ఏ పేటలో సంబరం ఉందో నీలం నోటుబుక్కులో చూసి అక్కడికి వెళ్ళండి. తొమ్మిదింటికల్లా వెళ్ళండి, పదింటికి మంచివన్నీ పోతాయి.

11. ఇది ఇప్పటికిప్పుడు చేరుస్తున్నది.

పై పది అంశాలూ నిన్ననే రాసి ముగించాను. ఈ రోజు ధాన్యం కొట్ల వీధి సంబరం. అందుకని పొద్దున్నే ఎనిమిదింటికి సంతకాలు పెట్టుకుని వెళ్ళిపోదామనుకున్నాం. లాయరు గారు వచ్చారు. గొడుగాయన వచ్చి, చోటు పోతుందేమోనని గుమ్మంలోనే అటూ ఇటూ తిరుగుతున్నాడు. టైలరమ్మ రాలేదు. పిలవని వదిన మాత్రం వచ్చింది. వచ్చి కుర్చీ లాక్కుని, 'చదవండి లాయరు గారూ, నా గురించి ఏం రాసిందో విందాం' అంది. నేను వద్దంటున్నా ఆయన ఎనిమిదో అంశం చదివేశారు. ఆయనకు కోర్టులో ఉన్నట్టు గట్టిగా చదవడం అలవాటు. నేను తల వంచుకుని టీ కలుపుతూ కూర్చున్నాను. చక్కెర వెయ్యకుండానే చాలాసేపు కలిపాను.

వదిన ఆయన చేతిలోంచి కాగితం లాక్కుని మరోసారి తనే చదువుకుంది. తర్వాత, తను సాక్షి సంతకం పెడితే ఏమవుతుందని లాయరు గారిని అడిగింది. మీకు రాసింది చెల్లదమ్మా, పుస్తకం మీకు రాదు అని ఆయన చెప్పారు. 'అయితే ఆ కలం ఇలా ఇవ్వండి' అంది. నా వైపు తిరిగి, 'నువ్వు పోయాక వచ్చే పుస్తకం నాకెందుకే పిల్లా? దాన్ని ఎవరితో కలిసి చదవను?' అంది. ఆ పైన తన కండక్టరు సంచీలోంచి రెండో భాగం తీసి బల్ల మీద పెట్టింది.

దాన్ని నేను చేతిలోకి తీసుకున్నాను. ముప్పై నాలుగేళ్ళు పుస్తకాలు పట్టిన చేతులు నావి, తెరవకముందే తెలిసిపోయింది. అంచు వెంట వేలు పోనిచ్చి చూశాను. ఒక్క మడత కూడా కోయలేదు. మొదటిది కోయలేదు, ఆఖరిది కోయలేదు. పద్దెనిమిదేళ్ళు నాకు తెలుసు, చెప్పను పో అన్న మనిషి అందులో ఒక్క పేజీ చదవలేదు! నేను నోరు వెళ్ళబెట్టి చూస్తే, 'మొదటి భాగం చదవకుండా రెండోది ఎవరు చదువుతారే? నువ్వు అడుగుతావు, కలిసి చదువుదాం అని చూశాను. నువ్వు అడిగితేగా!' అని నన్నే కేకలేసింది.

నాకు ఏడుపొచ్చింది. నవ్వూ వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే గుండెకు మంచిది కాదని లాయరు గారు కంగారుపడి నీళ్ళిచ్చారు. మావారు పక్కగదిలోంచి వచ్చి, అందరి మొహాలూ చూసి, గడియారానికి కీ ఇవ్వడం మొదలుపెట్టారు.

కాబట్టి ఎనిమిదో అంశం, ఏడో అంశంలో వదినకు రాసిన టికెట్టు, రెండూ చెల్లవు. వదిన పట్టిన పట్టు విడిచే మనిషి కాదు, సంతకం పెట్టి తీరుతుంది. మొదటి భాగాన్ని ఇప్పుడే, బతికుండగానే, వదిన చేతికిచ్చాను. ఈ రాత్రికి చదవడం మొదలుపెట్టి మూడు రోజుల్లో ముగించాలని ఆజ్ఞ. టికెట్టు కూడా చేతికిచ్చాను. నాలుగో అంశంలోని ఎముక బద్ద కొన్నాళ్ళు నా దగ్గరే ఉంటుంది, నా కూతురు ఏమీ అనుకోదు. బుధవారం సాయంత్రం నుంచి రెండో భాగం కలిసి చదువుతాం, ఒకరు కోస్తుంటే ఒకరు పైకి చదివేలా. అప్పటిదాకా కవరు మూసే ఉంటుంది. పద్దెనిమిదేళ్ళు ఆగినదాన్ని, మూడు రోజులు ఆగలేనా?

టైలరమ్మ ఇప్పుడే వచ్చింది. ఆమెకి టీ ఇచ్చాం. బయట బ్యాండువాళ్ళు శ్రుతి చేసుకుంటున్నారు, ఇక రాయను.

తేదీ: 2025 మార్చి 9, ఆదివారం, ఉదయం ఎనిమిదీ నలభై (మావారి మూడు గడియారాల ప్రకారం మూడు రకాలు, ఇది మధ్యది).

సంతకం: ఆకుపచ్చ సిరాతో, నా చేతితోనే పెట్టాను. వణకలేదు.

సాక్షులు:

1. గొడుగాయన. పాత పుస్తకాల వ్యాపారం. నా ఎదుటే చదివి సంతకం చేశారు. ఆ రోజు పురికొస కోసింది తానేనని ఒప్పుకున్నారు.

2. వదిన. రిటైర్డ్ బస్ కండక్టరు. సంతకం కింద ఆమె సొంత చేతిరాత: 'నాకు రాసింది పోతుందని తెలిసే సంతకం పెట్టాను. బుధవారం నుంచి మడతలన్నీ కోద్దాం, ఒక్కటి తప్ప. ఆఖరి మడతలో నా టికెట్టు దూర్చి పెట్టాను, దాన్ని ఇరవయ్యో తేదీ లోపల ఎవరూ ముట్టుకోకూడదు. ఎముక బద్ద బల్ల మీదే ఉంటుంది. ఆస్పత్రి నుంచి తిన్నగా ఇంటికొచ్చి కొయ్యవే పిల్లా.'